పుల్లపిండితో పుల్లగా లేని రొట్టె: ఇటలీ స్టార్టర్ పనితీరు

క్లుప్తంగా: ఇటలీ బేకరీలు రొట్టెను పొంగించడానికి సహజంగా పులిసిన గట్టి పిండిముద్దను స్టార్టర్‌గా వాడతాయి. ఆ ముద్దను తాడుతో కట్టినా, నీళ్లలో నానబెట్టినా, వాడబోయే ముందు వరుసగా మూడుసార్లు కొత్త పిండి కలిపినా ఉద్దేశం ఒకటే: ఆమ్లాన్ని హద్దులో ఉంచి, పొంగే శక్తిని పెంచడం. ఈ లెక్క తెలిస్తే క్రిస్మస్‌కు చేసే పానెత్తోనె ఎందుకంత కష్టమో, హైదరాబాద్ వేసవిలో స్టార్టర్ ఎందుకు చెడుతుందో రెండూ తేలికగా అర్థమవుతాయి.

ఏది సహజ స్టార్టర్, ఏది కాదు

హైదరాబాద్, విశాఖపట్నం లాంటి నగరాల బేకరీల్లో ‘సోర్‌డో’ (సహజంగా పులిసిన పిండితో చేసే రొట్టె) అన్న పేరు కొన్నేళ్లుగా తరచుగా కనిపిస్తోంది. 2020లో లాక్‌డౌన్ల వేళ ఈస్ట్ కొరత ఏర్పడి చాలా దేశాల్లో జనం ఇళ్లలోనే పిండి పులియబెట్టి రొట్టెలు కాల్చడం మొదలుపెట్టారు. ఆ ఊపులోనే ‘ఇటాలియన్ స్టార్టర్’ అన్న మాట కూడా ప్రచారంలోకి వచ్చింది. దానితోపాటు రెండు అపోహలు కూడా వచ్చాయి. ఇటలీ రొట్టెలన్నీ సహజ స్టార్టర్‌తోనే తయారవుతాయన్నది ఒకటి, అలా తయారైన రొట్టె పుల్లగా ఉండి తీరాలన్నది మరొకటి.

మొదటిదానికి విరుగుడు చబాత్తా. బయటి దేశాల్లో ఇటాలియన్ బ్రెడ్ అనగానే గుర్తుకొచ్చే ఈ బల్లపరుపు రొట్టె పురాతనమైనదేమీ కాదు. 1982లో వెనెతో ప్రాంతంలోని ఆద్రియా అనే ఊళ్లో అర్నాల్దో కవల్లారి దీన్ని రూపొందించారు. దీనికి ఆధారం ‘బీగా’ అనే ముందస్తు ముద్ద. నూరుపాళ్ల పిండికి సుమారు 45 పాళ్ల నీరు, కొద్దిగా బేకరీ ఈస్ట్ కలిపి, 18 డిగ్రీల దగ్గర 16 నుంచి 20 గంటలు ఉంచితే బీగా సిద్ధమవుతుంది. దాన్ని ఆ పూటే రొట్టెలో వాడేస్తారు, మరుసటి రోజుకు దాచరు. సహజ స్టార్టర్ సంగతి వేరు. ఇటలీలో లియేవితో మాద్రే అనీ, పాస్తా మాద్రే అనీ పిలిచే ఆ ముద్దలో బయటి ఈస్ట్ పడదు; పాత ముద్దలో కొంత తీసి కొత్త పిండికి కలుపుతూ ఏళ్ల తరబడి కొనసాగిస్తారు. చూడ్డానికి రెండూ గట్టి ముద్దలే కాబట్టి వంటల వీడియోల్లో ఒకదాని పేరు ఇంకొకదానికి పెట్టేయడం మామూలైపోయింది.

19వ శతాబ్దంలో యూరప్‌లో కార్ఖానా ఈస్ట్ అందుబాటులోకి వచ్చాక రోజువారీ రొట్టెలు క్రమంగా దానివైపు మళ్లాయి. కొన్ని గంటల్లో పని ముగించే వీలున్నప్పుడు రాత్రింబవళ్లు కనిపెట్టుకుని ఉండాల్సిన ముద్దను పోషించడం చాలా బేకరీలకు గిట్టుబాటు కాలేదు. సహజ స్టార్టర్ ప్రధానంగా రెండుచోట్ల నిలిచింది: వెన్న, గుడ్లు దండిగా పడే పండుగ రొట్టెల్లో, కొన్ని ప్రాంతాల సంప్రదాయ రొట్టెల్లో.

ముద్ద లోపల ఎవరి పని ఏమిటి

స్టార్టర్ అంటే రెండు జాతుల సూక్ష్మజీవుల ఉమ్మడి కాపురం. ఈస్ట్‌లు చక్కెరలను తిని కార్బన్ డయాక్సైడ్, ఆల్కహాల్ విడుదల చేస్తాయి. రొట్టెను పొంగించే వాయువులో ఎక్కువ వంతు వీటిదే. లాక్టిక్ ఆమ్ల బ్యాక్టీరియాలు అవే చక్కెరల నుంచి లాక్టిక్ ఆమ్లాన్ని, కొంత ఎసిటిక్ ఆమ్లాన్ని తయారుచేస్తాయి. పెరుగులోని నెమ్మదైన పులుపు లాక్టిక్ ఆమ్లానిదైతే, ముక్కుకు ఘాటుగా తగిలే వెనిగర్ వాసన ఎసిటిక్ ఆమ్లానిది.

క్రమం తప్పకుండా పోషించిన ఇటాలియన్ ముద్దల్లో తరచుగా కనిపించే బ్యాక్టీరియా ఫ్రక్టిలాక్టోబాసిల్లస్ శాన్‌ఫ్రాన్సిస్కెన్సిస్. దీన్ని తొలిసారి శాన్‌ఫ్రాన్సిస్కో బేకరీల పుల్లపిండిలో గుర్తించి 1971లో వర్ణించారు, అందుకే ఆ పేరు. పేరును బట్టి దాన్ని అమెరికా సొత్తు అనుకోనక్కర్లేదు, ఇటలీ, జర్మనీ, ఫ్రాన్స్ ముద్దల్లోనూ అది పుష్కలంగా ఉంటుంది. దీనికి తరచుగా జతగా ఉండే ఈస్ట్ కజాక్‌స్తానియా హ్యూమిలిస్. గోధుమ పిండిలోని పిండిపదార్థం విరిగినప్పుడు మాల్టోస్ అనే చక్కెర ఏర్పడుతుంది. ఆ బ్యాక్టీరియాకు మాల్టోసే ప్రధాన ఆహారం. ఈ ఈస్ట్ మాత్రం మాల్టోస్‌ను ముట్టుకోదు, గ్లూకోజ్ వంటి ఇతర చక్కెరలతో బతుకుతుంది. తిండి దగ్గర తగాదా లేకపోవడం వల్లే ఈ జంట ఏళ్ల తరబడి కలిసి నిలుస్తోందన్నది శాస్త్రవేత్తల వివరణ.

ఇడ్లీపిండి పొంగడం మాత్రం లాక్టిక్ బ్యాక్టీరియా చలవే. అక్కడ ల్యూకోనోస్టాక్ జాతి బ్యాక్టీరియా తానే వాయువును పుట్టించి పిండిని లేపుతుంది, ఈస్ట్ పాత్ర స్వల్పం. పైగా ఇడ్లీపిండిని చాలా ఇళ్లలో ప్రతిసారీ కొత్తగా రుబ్బి పులియబెడతారు. పొద్దున్నే ఆవిరిపట్టేస్తారు కాబట్టి పులుపు కాస్త మీరినా పెద్ద నష్టం లేదు. గోధుమ రొట్టెకు అలా కుదరదు. పట్టుకుని నిలబెట్టే గ్లూటెన్ (గోధుమలోని సాగే ప్రొటీన్) వల లేకపోతే వాయువు ఎంత పుట్టినా నిలవదు, ఆ వలకు ఆమ్లం ఒక మోతాదు దాకా మాత్రమే మేలు చేస్తుంది.

తాడు, నీళ్ల తొట్టి, కత్తి

అమెరికాలోనూ మన నగరాల్లోనూ ఇళ్లలో పెంచే స్టార్టర్ సాధారణంగా జారుగా ఉంటుంది: పిండి, నీరు సమపాళ్లు. ఇటాలియన్ ముద్దలో నూరుపాళ్ల పిండికి నీరు 45 నుంచి 50 పాళ్లే. చపాతీ పిండి కన్నా గట్టిగా ఉండే ఈ ముద్దలో సూక్ష్మజీవుల పని నెమ్మదిస్తుంది, గ్లూటెన్ బిగువు తగ్గదు. పోషించే నిష్పత్తి కూడా వేరు. కిలో పాత ముద్దకు కిలో పిండి, అంటే పాతదీ కొత్తదీ సమానం. ఇంత ఎక్కువ పాత ముద్ద కలపడం వల్ల వెచ్చదనంలో మూడు నాలుగు గంటలకే ముద్ద మూడింతలవుతుంది, ఆమ్లం పేరుకునే లోపే మళ్లీ కొత్త పిండి అందుతుంది.

రాత్రిపూట నిల్వ ఉంచే తీరు ప్రాంతాన్ని బట్టి మారుతుంది. మిలాన్ వైపు పద్ధతిలో ముద్దను మందపాటి గుడ్డలో చుట్టి, తాడుతో గట్టిగా బిగించి, 16–18 డిగ్రీల చల్లదనంలో పెడతారు. తెల్లారేసరికి లోపలి వాయువు గుడ్డను రాయిలా బిగదీస్తుంది. పియెమోంతె పద్ధతిలో ముద్దను నేరుగా చల్లని నీళ్లలో ముంచి ఉంచుతారు. పొంగే కొద్దీ అది పైకి తేలుతుంది, ఆమ్లంలో కొంత నీళ్లలోకి దిగిపోతుంది. తాడు పద్ధతి ముద్దను బలంగానూ కాస్త ఘాటుగానూ ఉంచుతుందనీ, నీళ్ల పద్ధతి మెత్తగా, సాగే గుణంతో ఉంచుతుందనీ బేకర్ల అభిప్రాయం.

పొద్దున జరిగే పని చూస్తే ఈ వ్యవహారం మరింత స్పష్టమవుతుంది. గుడ్డ విప్పి, ఎండి గట్టిపడిన పైతొక్కను కత్తితో చెక్కి పారేస్తారు. లోపలి తెల్లని గుండెభాగాన్ని మాత్రం వేలెడు మందం ముక్కలుగా కోసి, లీటరుకు సుమారు రెండు గ్రాముల చక్కెర కలిపిన నీళ్లలో 15–20 నిమిషాలు నానబెడతారు. తర్వాత ముక్కల్లోని నీళ్లు పిండేసి, తూకం వేసి, కొత్త పిండి కలుపుతారు. ముక్కలు అప్పటికే నీళ్లు పీల్చుకుని ఉంటాయి కాబట్టి ఈసారి వేసే నీటిని తగ్గిస్తారు. ఈ స్నానం ఉద్దేశం ఆమ్లాన్ని, అందులోనూ ఎసిటిక్ ఆమ్లాన్ని కడిగేయడం. చూసేవాళ్లకు ఇదంతా ఆచారంలా అనిపించవచ్చు గానీ, ఆమ్లగుణాన్ని కొలిచే పీహెచ్ మీటర్లు (పీహెచ్ అంకె తగ్గితే పులుపు ఎక్కువ) లేని కాలంలో ఆమ్లాన్ని సరిదిద్దడానికి చేతికందిన పనిముట్లు ఇవే.

ముద్ద ఆరోగ్యాన్ని గుర్తుపట్టే చిహ్నాలు కూడా ఆమ్లం చుట్టూనే తిరుగుతాయి. పులుపు మీరిన ముద్ద బూడిదరంగుకు తిరుగుతుంది, ఘాటుగా వాసన కొడుతుంది, లాగితే సాగకుండా తెగిపోతుంది. దానికి మందు స్నానం, ఆపై కొత్త పిండి వాటా పెంచడం. బలహీనమైన ముద్ద పచ్చిపిండి రుచితో, వాసన లేకుండా పాలిపోయి ఉంటుంది. దానికి పాత ముద్ద వాటా పెంచి, వెచ్చని చోట ఎక్కువసేపు ఉంచుతారు. కోసినప్పుడు నిలువుగా సాగిన చిన్నచిన్న గదులు కనిపించి, నాలుకకు ఓ మోస్తరు పులుపు, దాని వెనుక కొంచెం తీపి తగిలితే ముద్ద పనికి సిద్ధమైనట్టే. ఆ దశలో పీహెచ్ 4.1 పరిసరాల్లో ఉంటుంది.

పానెత్తోనె పెట్టే పరీక్ష

ఇంత జాగ్రత్త ఎందుకన్న ప్రశ్నకు జవాబు మిలాన్ నగరపు క్రిస్మస్ రొట్టె పానెత్తోనె. 1919లో మిలాన్‌లో బేకరీ స్థాపించిన ఏంజెలో మొత్తా దీన్ని ఎత్తైన గుమ్మటం ఆకారంలో పెద్ద ఎత్తున తయారుచేసి దేశమంతటికీ చేర్చారు. 2005 జూలై 22 నాటి ఇటలీ ఉత్తర్వు ప్రకారం ఆ పేరుతో అమ్మాలంటే పులిసిన పిండితో సహజంగా పొంగి ఉండాలి, వెన్న 16 శాతానికి, గుడ్డు పచ్చసొన 4 శాతానికి, ఎండుద్రాక్ష, చక్కెరపాకంలో ఊరిన పండ్ల ముక్కలు కలిపి 20 శాతానికి తగ్గకూడదు. బేకరీ ఈస్ట్‌ను ఒక శాతం దాకా అనుమతించారు. వెరోనాలో 1894లో దొమెనికో మెలెగాత్తి పేటెంట్ పొందిన పాందోరో, ఈస్టర్‌కు చేసే కొలోంబ కూడా ఇదే ఉత్తర్వు కిందికి వస్తాయి.

వెన్న, చక్కెర, పచ్చసొన మూడూ స్టార్టర్‌కు అడ్డంకులే. చక్కెర నీటిని తనవైపు లాక్కుని ఈస్ట్‌ను నీరసింపజేస్తుంది, కొవ్వు గ్లూటెన్ పోగులు ఒకదానికొకటి అతుక్కోకుండా ఆపుతుంది. అందుకే ముందు మూడు విడతల్లో, ఒక్కొక్కటి మూడు నాలుగు గంటల చొప్పున, 28 డిగ్రీల వద్ద ముద్దకు కొత్త పిండి పెట్టి ఈస్ట్ సంఖ్యను పెంచుతారు. సాయంత్రం తొలి పిండి కలిపి సుమారు 12 గంటలు వదిలేస్తారు, అది మూడింతలు కావాలి. కొందరు చిన్న ముద్దను గీతలున్న గాజుపాత్రలో విడిగా పెట్టి ఎంత పొంగిందో దానిలో చూస్తారు. పొద్దున మిగిలిన పిండి, వెన్న, పచ్చసొన, పండ్లు కలిపి, కాగితపు అచ్చుల్లో వేసి, మళ్లీ ఆరేడు గంటలు పొంగనిచ్చి కాలుస్తారు. పొయ్యిలోంచి తీయగానే అడుగున పుల్లలు గుచ్చి తలకిందులుగా వేలాడదీస్తారు. వేడి మీద ఉన్న ఆ మెత్తని గుమ్మటాన్ని నిటారుగా ఉంచితే తన బరువుకు తానే కూలిపోతుంది.

ఈ సుదీర్ఘ ప్రయాణంలో ఆమ్లం మొదట్లోనే ఎక్కువైతే మూడు రకాలుగా నష్టం. ఎసిటిక్ ఆమ్లం ఈస్ట్‌నే అణచివేస్తుంది. పీహెచ్ బాగా పడిపోతే గ్లూటెన్ ప్రొటీన్ల మీద ధన విద్యుదావేశం పెరిగి అవి పరస్పరం వికర్షించుకుంటాయి, వల సడలుతుంది. అన్నిటికన్నా ముఖ్యంగా, గోధుమలో సహజంగా ఉండే ప్రొటీన్లను తెంచే ఎంజైములు ఆమ్ల వాతావరణంలోనే చురుగ్గా పనిచేస్తాయి. 12 గంటల వ్యవధి వాటికి చాలినంత సమయం. తెల్లారి చూస్తే పిండి జారిపోయి, వెన్న కక్కి, చేతికి రాకుండా పోతుంది. మామూలు రొట్టెలో కాస్త పుల్లదనంగా మాత్రమే తెలిసే లోపం ఇక్కడ మొత్తం సరుకును పాడుచేస్తుంది. మరోవైపు, హద్దులో ఉన్న ఆ ఆమ్లమే, చక్కెరతో కలిసి బూజును అడ్డుకుని రొట్టెను వారాల తరబడి నిలవ ఉంచుతుంది.

ఫ్రాన్స్ చట్టంతో పోల్చితే దృక్పథంలోని తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. 1993 నాటి ఫ్రెంచ్ ఉత్తర్వు ‘లెవాఁ రొట్టె’ (సహజ స్టార్టర్ రొట్టె) అనిపించుకోవాలంటే పీహెచ్ 4.3కు మించకూడదనీ, ఎసిటిక్ ఆమ్లం పది లక్షల పాళ్లలో కనీసం 900 పాళ్లు ఉండాలనీ నిర్దేశించింది. అంటే అక్కడ పులుపు చాలినంత ఉండటమే అర్హత. పానెత్తోనె ఉత్తర్వు పొంగే విధానాన్నీ దినుసులనూ నిర్ణయించింది.

ఆల్తమూరా: అదే సూత్రం, వేరే గోధుమ

పండుగ రొట్టెను పక్కనపెట్టి రోజూ తినే రొట్టె విషయానికొస్తే, దక్షిణాన పూల్యా ప్రాంతంలోని ఆల్తమూరా రొట్టె చెప్పుకోదగినది. 2003లో యూరోపియన్ యూనియన్ దీనికి రక్షిత మూలస్థాన గుర్తింపు ఇచ్చింది. వాడేది మామూలు గోధుమ కాదు, పాస్తా చేసే డ్యూరం గోధుమ రవ్వను మళ్లీ మెత్తగా విసిరిన పచ్చని పిండి. నియమావళి ప్రకారం నూరు కిలోల ఆ పిండికి 20 కిలోల సహజ స్టార్టర్, 2 కిలోల ఉప్పు, సుమారు 60 లీటర్ల నీరు పడతాయి. స్టార్టర్‌కు కనీసం మూడుసార్లు కొత్త పిండి పెట్టి ఉండాలన్న షరతు ఇక్కడా ఉంది. రొట్టె అర కిలోకు, పైపెచ్చు 3 మిల్లీమీటర్లకు తగ్గకూడదు.

ఒకప్పుడు ఆల్తమూరాలో ఇళ్లలో కలిపిన ముద్దలను ఊరి ఉమ్మడి పొయ్యిలకు పంపేవారు. ఎవరి రొట్టె ఎవరిదో తెలియడానికి కుటుంబం పేరు పొడి అక్షరాలున్న ముద్ర వేసేవారు. గొర్రెల కాపరులు, రైతులు రోజుల తరబడి వెంట తీసుకెళ్లే తిండి కావడంతో నిల్వే దీనికి ప్రాణం. డ్యూరం పిండి నీటిని ఎక్కువగా పట్టి ఉంచుతుంది, స్టార్టర్ ఆమ్లం రొట్టె గట్టిపడటాన్ని, బూజును నెమ్మదింపజేస్తుంది, మందపాటి పెచ్చు తేమను లోపలే ఆపుతుంది. 2016లో ఇదే తరహా గుర్తింపు పొందిన టస్కనీ రొట్టెలో ఉప్పు అసలే పడదు. రుచికి, వాసనకు స్టార్టర్ మీదే ఆధారపడాలి.

‘00’ అంటే బలం కాదు

ఇంట్లో ప్రయత్నించేవారిని తికమక పెట్టే మరో విషయం పిండి. ఇటలీ నుంచి దిగుమతైన ‘00’ పిండిని అన్నిటికన్నా మేలైనదిగా భావించి ఎక్కువ ధర పెట్టి కొంటున్నారు. ఆ సంఖ్య తవుడు ఎంతవరకు తీసేశారన్నదే చెబుతుంది. ఇటలీ చట్టంలో ‘00’కు బూడిద (పిండిని పూర్తిగా కాలిస్తే మిగిలేది, తవుడుకు గుర్తు) శాతం 0.55 మించకూడదు, ప్రొటీన్ కనీసం 9 శాతం ఉంటే చాలు. బలాన్ని చెప్పే కొలత వేరు. ఫ్రాన్స్‌కు చెందిన మార్సెల్ షోపాఁ రూపొందించిన ఆల్వియోగ్రాఫ్ యంత్రంలో పిండి ముద్దను బుడగలా ఊది, అది పగిలేదాకా పట్టిన శక్తిని ‘డబ్ల్యూ’ అనే అంకెగా లెక్కిస్తారు. పానెత్తోనెకు ఆ అంకె 350 పైన ఉన్న పిండి కావాలి. బిస్కట్లకు సరిపోయే బలహీనమైన పిండి కూడా ‘00’ కావచ్చు. మన మార్కెట్లో దొరికే మైదా పొట్లాల మీద ఈ అంకె ఉండదు. ప్రొటీన్ శాతం చూసి ఎంచుకోవడమే దారి. మామూలు మైదాతో రోజువారీ రొట్టె చక్కగానే వస్తుంది, పానెత్తోనె మాత్రం కష్టం.

వందేళ్ల ముద్ద

తాతల కాలం నాటి స్టార్టర్ అంటూ ఎండబెట్టిన పొడిని ఆన్‌లైన్‌లో అమ్మడం ఇప్పుడు వ్యాపారమైంది. నాలుగు ఖండాల ఇళ్ల నుంచి సేకరించిన 500 స్టార్టర్లను పరిశీలించి 2021లో ప్రచురించిన అధ్యయనంలో, స్టార్టర్ ఏ ప్రాంతానిదన్న దానికీ అందులోని సూక్ష్మజీవుల కూర్పుకూ బలమైన సంబంధం కనిపించలేదు. ఇటలీ ముద్దను తెచ్చి మైదాతో, ఇక్కడి ఉష్ణోగ్రతల్లో, ఇక్కడి అలవాట్లతో పోషిస్తే కాలక్రమంలో దాని స్వభావం మారిపోవచ్చు. పాత ముద్దకు కుటుంబ జ్ఞాపకంగా విలువ ఉండవచ్చు. కొనుగోలుదారుకు మాత్రం కొన్ని వారాల్లో సొంతంగా పెంచిన ముద్ద కన్నా అది ఎక్కువ ఏమీ ఇస్తుందని చెప్పలేం.

ఎండలో తలకిందులయ్యే లెక్క

తెలుగు రాష్ట్రాల్లో ఇళ్లలో సోర్‌డో చేసేవారి సాధారణ ఫిర్యాదు, మార్చి దాటాక స్టార్టర్ పుల్లబడుతోంది గానీ పొంగడం లేదని. దీనికి కచ్చితమైన వివరణ ఉంది. 1998లో ప్రచురితమైన ఒక పరిశోధన ప్రకారం, పైన చెప్పుకున్న శాన్‌ఫ్రాన్సిస్కెన్సిస్ బ్యాక్టీరియా 32 డిగ్రీల దగ్గర అత్యంత వేగంగా పెరిగి, దాదాపు 41 డిగ్రీల దాకా తట్టుకుంటుంది. దాని జంట ఈస్ట్ 27 డిగ్రీల దగ్గర బాగా పెరిగి, 35 దాటేసరికి ఆగిపోతుంది. ఏప్రిల్, మే నెలల్లో వంటింటి వేడి 36–38 డిగ్రీలకు చేరినప్పుడు ఆమ్లం తయారుచేసేది పరుగెడుతుంది, వాయువు తయారుచేసేది చతికిలపడుతుంది. మిలాన్‌లో 28 డిగ్రీలకు రాసుకున్న గంటల పట్టికను ఇక్కడ యథాతథంగా పాటిస్తే ఫలితం బూడిదరంగు జారు ముద్దే. పాత ముద్ద వాటా తగ్గించడం, చల్లని నీరు వాడటం, ముద్దను గట్టిగా కలపడం, పొంగగానే ఫ్రిజ్‌లో పెట్టడం ఈ తేడాను చాలావరకు సరిచేస్తాయి. న్యూజెర్సీ చలికాలంలో ఉండే తెలుగువారిది సరిగ్గా వ్యతిరేక సమస్య, అక్కడ ముద్దకు వెచ్చదనం చూపించాలి.

ఆరోగ్యం పేరిట చెప్పేవి

పులియడం వల్ల గోధుమలోని ఫైటిక్ ఆమ్లం తగ్గుతుందన్నది రుజువైన విషయమే. పిండి ఆమ్లగుణం పొందగానే గోధుమలోని ఫైటేజ్ ఎంజైము చురుకై దాన్ని విరగ్గొడుతుంది, ఇనుము, జింక్ వంటి ఖనిజాలు ఒంటికి పట్టడం తేలికవుతుంది. అయితే ఫైటిక్ ఆమ్లం ఎక్కువగా ఉండేది తవుడులో. ఈ లాభం ముడి గోధుమ పిండి రొట్టెకు బాగా వర్తిస్తుంది, మైదా రొట్టెకు అంతంతమాత్రమే. రక్తంలో చక్కెర కాస్త నెమ్మదిగా పెరుగుతుందని కొన్ని అధ్యయనాలు చెబుతున్నా అన్నిటి ఫలితాలూ ఒకేలా లేవు. మధుమేహం ఉన్నవారు సోర్‌డో ముక్కను కూడా మిగతా రొట్టెలాగే లెక్కలోకి తీసుకోవాలి.

గ్లూటెన్ విషయంలో జరుగుతున్న ప్రచారం అంతకన్నా ప్రమాదకరమైనది. ఇటలీలోని బారీ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2007లో ఎంపికచేసిన బ్యాక్టీరియాలను, శిలీంధ్రాల నుంచి తీసిన ఎంజైములను కలిపి గోధుమ పిండిలోని గ్లూటెన్‌ను దాదాపు పూర్తిగా విచ్ఛిన్నం చేయగలిగారు. ప్రయోగశాలలో అదుపు చేసిన ఆ ప్రక్రియకూ బేకరీ స్టార్టర్‌కూ పోలిక లేదు. పైగా ఇటాలియన్ పద్ధతి గ్లూటెన్‌ను వీలైనంత చెక్కుచెదరకుండా కాపాడేందుకే రూపొందింది. గ్లూటెన్ రహితం అనడానికి అంతర్జాతీయ ప్రమాణం కిలోకు 20 మిల్లీగ్రాములు; మామూలు గోధుమ సోర్‌డో ఆ దరిదాపుల్లో కూడా ఉండదు. గ్లూటెన్ పడని సీలియాక్ వ్యాధి ఉన్నవారు పానెత్తోనె గానీ ఆల్తమూరా రొట్టె గానీ, ఇంట్లో చేసిన సోర్‌డో గానీ తినకూడదు.